ఊరేగింపు ఏ వీధి మొదట్లో ఆగుతుంది? పాట్రిక్ పండగ, జాతి, మనం

మా ఊళ్లో జూన్ 13న పునీత అంతోని వారి పండగ. ఊరికీ, పల్లెకీ కలిపి ఒకటే గుడి, ఒకటే విచారణ. గుడికి పాలక పునీతుడూ ఒక్కడే. సాయంత్రం పూజ అయ్యాక స్వరూపాన్ని తేరు మీద పెట్టి ఊరేగించేవాళ్లు. కతోలిక రెడ్ల వీధులన్నీ తిరిగి, చెరువుకట్ట మీదుగా వచ్చి, మాలపల్లె మొదట్లో ఉన్న వేపచెట్టు కాడ తేరు వెనక్కి తిరిగేది. మా నాయినమ్మ, ఆమె ఈడు ఆడవాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని ఆ చెట్టు కిందే నిలబడేవాళ్లు. తేరు ఎందుకు లోపలికి రాదని అడిగితే 'దారి ఇరుకు' అని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. వడ్లబండి వచ్చే దారిలో తేరు ఎందుకు పట్టదో మాకప్పుడు తెలియలేదు.

తర్వాత యూనివర్సిటీకి వచ్చాం. మా ఇంట్లో అంతదాకా వచ్చింది మేమే మొదలు. అక్కడ 'జాతి నిర్మాణం' అనే మాట రోజూ వినబడేది. పాఠాల్లో ఐర్లాండ్ తరచూ వచ్చేది. చిన్న దేశం, ఇంగ్లండ్ కింద నలిగిపోయిన దేశం, తన భాషనీ మతాన్నీ పట్టుకుని జాతిగా నిలబడ్డ దేశం అని చెప్పేవాళ్లు. ఆ జాతికి గుర్తు మార్చి 17, పునీత పాట్రిక్ పండగ. ప్రపంచంలో ఒక పాలక పునీతుడి రోజు ఇంత పెద్ద జాతీయ దినం అయిన ఉదాహరణలు తక్కువ. కాబట్టి ఆ పండగనే తీసుకుని, అది ఎట్లా పుట్టింది, ఎవరి చేతుల్లో ఎట్లా మారింది, అందులో ఎవరికి చోటు దొరికింది అని చూద్దాం. వేపచెట్టు కిందనుంచి చూసినవాళ్లకి ఈ కథ కాస్త వేరేగా కనబడుతుంది.

ముందు 'జాతి' అనే మాట సంగతి. పుస్తకాల తెలుగులో జాతి అంటే దేశప్రజ. జాతీయ గీతం, జాతీయ జెండా. మా పల్లెలో 'మన జాతి పిల్ల', 'వాళ్ల జాతి వేరు' అంటే కులం. తెల్లజాతి, నల్లజాతి అన్నా అదే మాట. మూడింటికీ ఒకే మాట ఉండటం తెలుగుకి పట్టిన దరిద్రమని ఒక మేస్టారు అన్నారు. మాకు మాత్రం అందులో ఒక సౌకర్యం కనిపిస్తుంది. జాతి పేరున పండగ చేస్తున్నామని ఎవరన్నా అంటే, ఏ జాతి అని వెంటనే అడగొచ్చు.

ఇక పాట్రిక్. ఆయన ఐర్లాండ్‌వాడు కాదు. ఐదో శతాబ్దంలో రోమన్ పాలనలో ఉండిన బ్రిటన్ ప్రాంతంవాడు. దాదాపు పదహారేళ్ల వయసులో ఐర్లాండ్ నుంచి వచ్చిన దొంగల దండు అతన్ని పట్టుకుపోయి బానిసను చేసింది. ఆరేళ్లు మందలు కాశాడు. పారిపోయి ఇల్లు చేరాడు. మళ్లీ బిషప్పుగా, తనని బానిసగా వాడుకున్న దేశానికే సువార్త చెప్పటానికి వెళ్లాడు. ఇదంతా ఆయన స్వయంగా లాటిన్‌లో రాసుకున్న 'ఒప్పుకోలు' అనే రచనలో ఉంది. పాముల్ని తరిమాడనీ, మూడాకుల మొక్క చూపించి త్రిత్వం బోధించాడనీ చెప్పే కథలు ఆయన రాతల్లో లేవు, తర్వాత పుట్టాయి. ఐర్లాండ్‌లో తరమటానికి అసలు పాములే లేవని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

ఆయనదే ఇంకొక రచన ఉంది, ఒక ఉత్తరం. కొరోటికస్ అనే దొర సైనికులు, అప్పుడే జ్ఞానస్నానం పొందిన పాట్రిక్ శిష్యుల్లో కొందర్ని చంపి మిగతావాళ్లని బానిసలుగా ఎత్తుకుపోయారు. జ్ఞానస్నానం తెల్లబట్టలు ఇంకా వాళ్ల ఒంటిమీదే ఉన్నాయి. ఆ దొరా క్రైస్తవుడే. పాట్రిక్ ఆ సైనికుల్ని సంఘం నుంచి వెలివేస్తూ, వాళ్లతో కలిసి తినొద్దు, తాగొద్దు అని రాశాడు. బానిస స్త్రీలు పడే బాధ గురించి 'ఒప్పుకోలు'లో ప్రత్యేకంగా చెప్పాడు. బానిసగా బతికినవాడు బానిసత్వం మీద రాసినవి అంత పాతకాలం నుంచి మిగలటం చాలా అరుదు. అయినా పండగ నాడు వీధుల్లో కనిపించేది పాములూ, మూడాకులే. ఆ ఉత్తరం ఎక్కడా కనిపించదు. ఇది మనకి కొత్త కాదు. అంబేద్కర్ జయంతి నాడు దండ వేసే మంత్రులు 'కుల నిర్మూలన' పేజీ ఒక్కటన్నా చదివిస్తున్నారా?

మార్చి 17 ఆయన చనిపోయిన రోజని సంప్రదాయం. పదిహేడో శతాబ్దం మొదట్లో లూక్ వాడింగ్ అనే ఐరిష్ ఫ్రాన్సిస్కన్ సన్యాసి చొరవతో ఆ రోజు కతోలిక సంఘం పండగల పట్టికకి ఎక్కింది. ఆ శతాబ్దం చివరి నుంచి ఐర్లాండ్‌లో కతోలికుల మీద శిక్షా చట్టాలు వచ్చాయి. భూమి కొనటానికి లేదు, ఓటు లేదు, ఉద్యోగాలు లేవు. వాటిలో మిగిలినవి చాలావరకు 1829లో పోయాయి. అయితే పండగని మొదట్లో వీధికెక్కించింది ఆ పీడిత కతోలికులని అనుకోకూడదు. అమెరికాలో బోస్టన్ నగరంలో 1737 మార్చి 17న ఐరిష్ ధర్మసంఘం పెట్టింది ప్రొటెస్టెంట్లు. న్యూయార్క్ ఊరేగింపు 1762లో మొదలైంది. అందులో నడిచినవాళ్లలో ఇంగ్లండ్ రాజుగారి సైన్యంలో పనిచేసే ఐరిష్ సిపాయిలున్నారు. 1783లో ఇంగ్లండ్ రాజు పాట్రిక్ పేరున ఒక బిరుదు స్థాపించాడు. దాని రంగు ఆకుపచ్చ కాదు, నీలం. ఆకుపచ్చని తిరుగుబాటు రంగు చేసింది 1790ల నాటి ఐక్య ఐరిష్ ఉద్యమం. అంటే పునీతుడు ఒక్కడే గానీ, ఆయన్ని ఒకవైపు రాజు లాగుతున్నాడు, ఒకవైపు తిరుగుబాటుదారు లాగుతున్నాడు.

అసలు మలుపు కరువు. 1845లో బంగాళాదుంప పంటకి తెగులు వచ్చింది. తర్వాతి ఏడేళ్లలో దాదాపు పది లక్షలమంది ఆకలితో, జబ్బులతో చచ్చిపోయారు. ఇంకో పది లక్షలకి పైగా దేశం వదిలిపోయారు. ఆ ఏళ్లలో కూడా ధాన్యం, పశువులు ఐర్లాండ్ నుంచి ఇంగ్లండ్‌కి ఓడల్లో ఎగుమతి అవుతూనే ఉన్నాయి. అమెరికాలో దిగినవాళ్లు మురికివాడల్లో, రేవుల్లో, కాలవల తవ్వకాల్లో పడ్డారు. పత్రికలు వాళ్లని మనుషుల్లాగా చూడలేదు. 1867లో న్యూయార్క్ పాట్రిక్ పండగ నాడు పోలీసులతో గొడవ జరిగితే, థామస్ నాస్ట్ అనే పేరుమోసిన చిత్రకారుడు ఐరిష్ వాళ్లని కోతిమొహాలతో బొమ్మ వేశాడు. 1876లో అతనే ఒక తక్కెడ గీసి ఒక సిబ్బెలో దక్షిణాది నల్లవాణ్ణి, ఇంకో సిబ్బెలో ఉత్తరాది ఐరిష్‌వాణ్ణి కూచోబెట్టాడు. ఇద్దరూ సమానంగా మూర్ఖులని ఆ బొమ్మ అర్థం.

ఇక్కడిదాకా చదివినవాళ్లకి వీళ్లు మనవాళ్లే కదా అనిపిస్తుంది. మాకూ అట్లాగే అనిపించింది. తక్కెడలో పక్కపక్కన కూచున్న ఆ ఇద్దరూ చేయి కలిపితే ఏమయ్యేదో! కలపమని అడిగినవాళ్లు లేకపోలేదు. ఐరిష్ కతోలికుల మహానాయకుడు డేనియల్ ఒకానెల్ బానిసత్వానికి బద్ధవిరోధి. బానిసత్వ నిర్మూలన కోసం నల్లవాళ్లతో కలవండని అమెరికాలోని ఐరిష్ వాళ్లకి విజ్ఞప్తి చేస్తూ ఐర్లాండ్ నుంచి ఒక పత్రం వెళ్లింది. ఒకానెల్‌తో పాటు దాదాపు 60 వేలమంది దానిమీద సంతకాలు పెట్టారు. 1842లో బోస్టన్‌లో దాన్ని బహిరంగ సభలో చదివారు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ఐర్లాండ్ వెళ్లి నాలుగు నెలలు తిరిగాడు. డబ్లిన్ సభలో ఒకానెల్ పక్కన నిలబడి మాట్లాడాడు. అక్కడ తనని మనిషిగా చూశారని రాసుకున్నాడు.

అమెరికాలోని ఐరిష్ నాయకులు, పత్రికలు ఆ విజ్ఞప్తిని చాలావరకు తోసిపుచ్చారు. కారణం చూడటం కష్టం కాదు. 1790 నాటి అమెరికా పౌరసత్వ చట్టం ప్రకారం పౌరుడు కావాలంటే వలస వచ్చినవాడు 'స్వేచ్ఛగల తెల్లవాడు' అయి ఉండాలి. కోతిమొహం అని తిట్టినా ఐరిష్‌వాడికి ఆ చట్టం తలుపు తెరిచింది. ఓటు వచ్చింది, ఓటుతో పార్టీ వచ్చింది, పార్టీతో పోలీసు ఉద్యోగం, నగరపాలక పనులు వచ్చాయి. రేవులో కూలి కోసం పోటీకి వచ్చేది నల్లవాడు. కిందమెట్టు మీద ఉన్నవాడు తన కిందింకో మెట్టుందని చూసుకున్నాడు. 1863 జూలైలో బలవంతపు సైనిక భర్తీకి వ్యతిరేకంగా న్యూయార్క్‌లో అల్లర్లు లేచాయి. అల్లరి మూకల్లో ఐరిష్ కూలీలు చాలామంది. నల్లవాళ్లని వెంటాడి దీపస్తంభాలకి ఉరేశారు, నల్లపిల్లల అనాథాశ్రమాన్ని తగలబెట్టారు. అదే యుద్ధంలో బానిసరాష్ట్రాల మీద పోరాడి చచ్చిపోయిన ఐరిష్ సిపాయిలు వేలల్లో ఉన్నారన్నదీ నిజమే. ఇంగ్లండ్ మీద తిరగబడి దేశబహిష్కారం పొందిన జాన్ మిచెల్ అయితే అమెరికా చేరి బానిసత్వాన్ని సమర్థిస్తూ పత్రికే పెట్టాడు. జాతీయవాది అయినంత మాత్రాన విముక్తివాది అవడని చెప్పటానికి ఇతనొక్కడు చాలు. నోయెల్ ఇగ్నాటియెవ్ 1995లో ఈ చరిత్రంతటినీ ఒక పుస్తకంగా రాశాడు. ఐరిష్ వాళ్లు తెల్లవాళ్లు ఎట్లా అయ్యారు అన్నదే దాని పేరు.

న్యూయార్క్ ఊరేగింపు పెరిగి పెద్దదైంది ఈ కాలంలోనే. ఒకప్పుడు అది 'మేమూ మనుషులమే, మేం ఇంతమందిమి ఉన్నాం' అని చెప్పే ఊరేగింపు. మేయర్లు, పోలీసు బ్యాండ్లు ముందు నడిచే నాటికి అది 'ఈ నగరం మాది' అని చెప్పే ఊరేగింపైంది. 1990ల మొదట్లో ఐరిష్ స్వలింగ ప్రేమికుల సంఘం తన బ్యానరుతో నడుస్తానంటే నిర్వాహకులు ఒప్పుకోలేదు. బోస్టన్‌లో ఇలాంటి తగాదాయే సుప్రీంకోర్టుకెక్కింది. ఊరేగింపు అంటే నిర్వాహకుల అభిప్రాయ ప్రకటన, అందులో ఎవరుండాలో వాళ్లే చెప్పుకోవచ్చు అని 1995లో తీర్పొచ్చింది. న్యూయార్క్‌లో అలాంటి బృందం తన బ్యానరుతో నడిచింది 2015లో. 'దారి ఇరుకు' అనే మాటని అమెరికా కోర్టు భాషలో అట్లా చెబుతారు కాబోలు.

స్వతంత్ర ఐర్లాండ్ సంగతి త్వరగా చెప్పుకుందాం. మార్చి 17 అక్కడ 1903లోనే, ఇంగ్లండ్ పాలనలోనే, సెలవు దినం అయింది. 1922లో స్వతంత్ర రాజ్యం ఏర్పడ్డాక ఆ రోజు ప్రభుత్వానిది అయింది. 1943లో డి వలేరా రేడియోలో ఐర్లాండ్ ఎట్లా ఉండాలో కలగన్నది పాట్రిక్ పండగ నాడే. 1937 రాజ్యాంగం కతోలిక సంఘానికి ప్రత్యేక స్థానం ఇచ్చింది. 1972 చివర ప్రజాభిప్రాయ సేకరణ జరిగాక దాన్ని తీసేశారు. డబ్లిన్‌లో ఇప్పుడు మనం టీవీలో చూసే రంగురంగుల ఉత్సవం 1996లో మొదలైంది. పెళ్లికాని తల్లుల్నీ, దిక్కులేని ఆడపిల్లల్నీ బంధించి జీతం లేకుండా చాకిరీ చేయించిన మఠాల బట్టలుతికే శాలల్లో చివరిది మూతపడిందీ ఆ 1996లోనే, ఆ డబ్లిన్‌లోనే. ఊరూరా తిరిగి తగరం పనీ, గుర్రాల బేరమూ చేసుకు బతికిన ట్రావెలర్లు తరతరాల ఐరిష్ వాళ్లే. వాళ్లని ప్రత్యేక జనసమూహంగా ప్రభుత్వం గుర్తించింది 2017లో. మన సంచార కులాలవాళ్లకి ఈ ముక్క విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న చోటికి వస్తున్నాం. ఐర్లాండ్ కాకుండా పాట్రిక్ పండగకి దేశమంతా సెలవుండే చోట్లలో ముఖ్యమైంది కరీబియన్ సముద్రంలోని మోంట్‌సెరాట్ అనే చిన్న దీవి. దాదాపు నలభై చదరపు మైళ్లుంటుంది. జనం అత్యధికులు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల సంతతి. పేర్లు మాత్రం రైలీ, స్వీనీ, ఫారెల్, ర్యాన్. ఇవన్నీ ఐరిష్ ఇంటిపేర్లు. ఆ నల్లవాళ్లకి ఆ పేర్లెట్లా వచ్చాయి?

1632 ప్రాంతంలో ఈ దీవికి వలస వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఐరిష్ కతోలికులు. చాలామంది ఒప్పంద కూలీలు. క్రామ్వెల్ కాలంలో ఐర్లాండ్ నుంచి బలవంతంగా వేలమందిని కరీబియన్ దీవులకి తోలారు. 1678 జనాభా లెక్కల్లో ఇక్కడి తెల్లవాళ్లలో దాదాపు 70 శాతం ఐరిష్. వాళ్ల బతుకు దుర్భరమే. కానీ ఒప్పందం కొన్నేళ్లకి తీరిపోతుంది, బిడ్డకి సంక్రమించదు. ఆఫ్రికన్‌ది అట్లా కాదు. తల్లి బానిస అయితే బిడ్డ పుట్టుకతోనే బానిస, యజమాని ఆస్తి. ఈ తేడాని చెరిపేసి 'ఐరిష్ వాళ్లూ బానిసలే, వాళ్లు ఏడవటం లేదే' అనే ప్రచారం ఈమధ్య అమెరికాలో బాగా సాగుతోంది. మన దగ్గర 'బ్రాహ్మల్లో పేదలు లేరా' అనేవాళ్ల గొంతూ ఇదే. పేదరికం వేరు, పుట్టుకకి కట్టిన బానిసత్వం వేరు.

ఒప్పందం తీరిన ఐరిష్ వాళ్లలో కొందరు చెరకు తోటలు సంపాదించి బానిసల యజమానులయ్యారు. పద్దెనిమిదో శతాబ్దం మధ్యకి బానిసల సంఖ్య తెల్లవాళ్లకి ఎన్నో రెట్లయింది. 1768 మార్చి 17న బానిసలు తిరుగుబాటుకి పథకం వేశారు. ఆ రోజెందుకు? దొరలంతా పాట్రిక్ పండగ విందులో తాగి మత్తులో ఉంటారు కాబట్టి. విందు జరిగే గవర్నరు భవనంలో పనిచేసే బానిసలు లోపల దొరల కత్తులు లాక్కోవాలి, బయటివాళ్లు బయట నుంచి పడాలి. పథకం ముందే పొక్కింది. ఒక కుట్టుపని చేసే తెల్లామె చెవిన పడిందని చెప్పుకుంటారు. తొమ్మిదిమందిని ఉరితీశారు. దీవిలో కుడ్జో హెడ్ అనే ఊరుంది. హెడ్ అంటే తల. పారిపోయి పట్టుబడ్డ కుడ్జో అనే బానిస తల నరికి అక్కడి చెట్టుకి వేలాడదీశారని ఆ ఊరి పేరు చెబుతోంది.

1834లో బానిసత్వం పోయింది. దొరల పాట్రిక్ పండగ దొరలతోనే పోయింది. 1970ల నుంచి చరిత్రకారుడూ కవీ అయిన హోవర్డ్ ఫెర్గస్ వంటి స్థానిక మేధావులు ఆ 1768 వీరుల్ని గుర్తుచేయాలని అడుగుతూ వచ్చారు. 1985లో మార్చి 17 అక్కడ ప్రభుత్వ సెలవు అయింది. తేదీ పాట్రిక్‌ది, జ్ఞాపకం బానిసలది. ఆ వారమంతా ముసుగు నాట్యాలుంటాయి. ఎత్తు టోపీ పెట్టుకుని, కొరడా చేతబట్టి ఆడతారు. ఎవరి చేతి కొరడా ఎవరి చేతికి వచ్చిందో చూడండి. కుడ్జో హెడ్ నుంచి స్వేచ్ఛా పరుగు తీస్తారు. మేకమాంసం పులుసు వండుకుంటారు. 1995లో అగ్నిపర్వతం పేలటం మొదలై 1997కి రాజధాని ప్లిమత్ బూడిదలో పూడిపోయింది. జనంలో సగానికి పైగా దేశం వదిలారు. చెదిరిపోయినవాళ్లు తిరిగి ఊరు చూసుకోవటానికి వచ్చే రోజు కూడా ఇదే అయింది.

ఇదంతా ఒక తీరుకి వచ్చిందని మేం అనటం లేదు. విమానం దిగినవాళ్ల పాస్‌పోర్టు మీద అక్కడ మూడాకు ముద్ర వేస్తారు. జెండా మీద వీణ పట్టుకున్న ఐరిష్ తెల్లామె ఉంది. పర్యాటక శాఖకి కావలసింది 'కరీబియన్ ఐర్లాండ్'. ఉరికంబమెక్కిన తొమ్మిదిమంది పచ్చటోపీల మధ్య కనబడకుండా పోతున్నారని అక్కడివాళ్లే అంటున్నారు. పైగా ఆ దీవి ఇంకా ఇంగ్లండ్ కిందే ఉంది. అయినా స్వతంత్ర ఐర్లాండ్ తన పునీతుడి బానిసతనాన్ని మర్చిపోయి పండగ చేస్తుంటే, స్వతంత్రం లేని ఒక నల్లదీవి ఆ రోజున బానిసల్ని తలుచుకుంటోంది. పాట్రిక్ ఉత్తరానికి వారసులెవరు అంటే మేం మోంట్‌సెరాట్ వాళ్లే అంటాం.

మన దేశపు జాతీయవాదులకి ఐర్లాండ్ అంటే మొదట్నుంచీ మోజు. హోంరూల్ అనే మాటే అక్కడిది. మన తెలుగువాడు వి.వి.గిరి 1913లో లా చదవటానికి డబ్లిన్ వెళ్లి ఆ ఉద్యమంతో తిరిగాడు, 1916లో వచ్చేశాడు. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాల పద్ధతి ఐరిష్ రాజ్యాంగం చూసి తీసుకున్నదే. జలియన్‌వాలాబాగ్ నాడు పంజాబు గవర్నరుగిరీ చేస్తూ డయ్యర్‌ని వెనకేసుకొచ్చిన మైకేల్ ఓడ్వయ్యర్ కూడా ఐరిష్ కతోలికుడే, ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. జోతిరావు ఫూలే చూపు వేరే వైపుకి పోయింది. 1873లో 'గులాంగిరీ'ని ఆయన అంకితమిచ్చింది నల్లబానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకి. పరాయి పాలన పోతే చాలనుకున్నవాళ్లు ఐర్లాండ్‌ని చూశారు. ఇంట్లోని బానిసత్వం పోవాలనుకున్నవాడు తోటల్లోని బానిసని చూశాడు.

మన దినాలు మనకీ ఉన్నాయి. మోంట్‌సెరాట్‌లో సెలవు ప్రకటించిన 1985లోనే జూలై 17న కారంచేడు జరిగింది. 1991 ఆగస్టు 6న చుండూరు. చుండూరు వాళ్లు తమవాళ్లని ఊరి నడిబొడ్డున పాతిపెట్టి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఆ రోజుల్ని ఏ ప్రభుత్వ క్యాలెండరూ ఎరుపురంగులో అచ్చువేయదు. జాతీయ దినాల పట్టికలో అవెందుకు లేవని మన విద్యార్థులు అడగాలి.

మా ఊరి సంగతి మిగిలింది. 1990ల్లో మా పల్లె కుర్రాళ్లు తేరుకి అడ్డం కూచున్నారు. ఆ ఏడు పండగ ఆగింది. తర్వాత మాలపల్లె సొంత తేరు చేయించుకుంది. జూన్ 13న మా స్వరూపం మా వీధులన్నీ తిరుగుతుంది, ముందు డప్పులు, పక్కన అంబేద్కర్ పటం. మా నాయినమ్మ అది చూసే పోయింది. ఈ వ్యాసం కోసం న్యూయార్క్ ఊరేగింపు గురించి చదువుతుంటే ఒక సంగతి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఆ డప్పులు కొట్టేది మాదిగ గూడెం వాళ్లు. వాళ్లూ ఆ గుడివాళ్లే. మా తేరు వాళ్ల గూడెం మొదట్లో ఉన్న బోరింగు దాకా పోయి వెనక్కి తిరుగుతుంది. పోయిన పండగప్పుడు గూడెం పిల్లలు కమిటీని అడిగారు, తేరు లోపలికెందుకు రాదని. కమిటీలో మా చిన్నాన్నా ఉన్నాడు. దారి ఇరుకని ఆయన చెప్పాడు.

మేం ఊరెళ్లి కమిటీ ముందు ఈ మాటే ఎత్తాం. చదువుకున్నాక మన జాతినే తప్పుపడుతున్నావా అని ఒకాయన లేచాడు. ఇద్దరు ముసలాళ్లు మాత్రం వేపచెట్టు గుర్తుచేశారు. చివరికి బోరింగు కాడి దారి కొలుస్తామన్నారు. టేపు మా దగ్గరే ఉంది. జూన్‌కి ఇంకా రెండు నెలలుంది.